మూలమట్టంగారి తేనెచట్రాలు

మూలమట్టంగారికి చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. దీపం ముందు కూర్చుని, నోరు మెదపకుండా మనసులో అనుకున్నదంతా దేవుడికి వినబడుతుంది కదా. మరి అదే మనసులో అనుకున్నది, అదే గదిలో, చేతికందే దూరంలో ఉన్న భార్యకు ఎందుకు వినబడదు? దేవుడి చెవుల్లో సగం పదునైనా ఇల్లాలికి ఇచ్చి ఉంటే కాపురాలు ఎంత సుఖంగా సాగేవి?

ఈ సందేహం ఆయన ఎవరినీ అడగలేదు. అడగాలంటే నోరు తెరవాలి. ఆ పని ఆయనకు కొట్టులో తప్ప చేతకాదు.

ఆయనది పటాలు కట్టే కొట్టు. చట్రం నాలుగు మూలలూ వెంట్రుక దూరనంత బిగువుగా కలవకపోతే ఆయనకు అన్నం సహించదు. ఎవరింటికి వెళ్ళినా కుశలం అడగకముందే వాళ్ళ గోడమీది పటాన్ని సరిచేస్తారు. మూలలు సరిచూసే మూలమట్టం ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది కాబట్టి అదే పేరైపోయింది. అసలు పేరు చుట్టాలకు కూడా తడుముకుంటేగాని తట్టదు.

వానల్లో వదినగారు, అంటే ఇల్లాలి అక్కగారు, జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. సాయానికని ఇల్లాలు, ఆవిడ ఉంటున్న తమ పుట్టింటికి వెళ్ళింది. వానలు పోయాయి. చలి కూడా వచ్చి వెళ్ళింది. వదినగారి కాలు అతుక్కుని, ఆవిడ మేడమెట్లు దడదడా ఎక్కి దిగుతోందని కబురు. ఇల్లాలు మాత్రం రాలేదు.

ఎందుకని అడిగితే, "నాన్నగారి తేనెపెట్టెలు ఇక్కడే ఉన్నాయి కదండీ. ఇప్పుడు పూలకాలం. ఈగల్ని వదిలి ఎలా రాను?" అంది ఫోనులో.

"అలాగే," అన్నారు ఆయన. ఈగపాటి విలువైనా లేకపోయింది నాకు, అని లోపల అనుకున్నారు. యథాప్రకారం అది దేవుడికి మాత్రమే వినబడింది.

పొద్దున అలవాటుకొద్దీ రెండు గ్లాసుల్లో కాఫీ పోసేవారు. రెండోది ఏం చేయాలో తోచక అదీ తానే తాగేవారు. "అగ్గిపెట్టె ఎక్కడ పెట్టావు?" అని వంటింటివైపు తిరిగి అడిగేవారు, అగ్గిపెట్టె ఆయన చేతిలోనే ఉండేది. హాల్లో ఒక పటం, వెళ్ళేరోజు ఆవిడ దుమ్ము దులుపుతుంటే కాస్త పక్కకు ఒరిగింది. ఊళ్ళో పటాలన్నీ సరిచేసే మనిషి దాని జోలికి వెళ్ళలేదు. అది ఆవిడ చెయ్యి పడిన వంకర.

"వచ్చి తీసుకెళ్ళు మరిదీ," అని వదినగారు ఒకటికి పదిసార్లు చెప్పింది. బస్సెక్కితే ఇంటిముందే దిగుతుంది, ఆవిడకు దారి తెలియదా అని ఈయన జవాబు. చివరికి ఇల్లాలే ఫోను అందుకుంది.

"పెళ్ళయిన కొత్తలో పుట్టింటి నుంచి తీసుకెళ్ళడానికి మీ అన్నగారిని పంపారు. పురిటికి వెళ్తే మీ బాబాయిని పంపారు. అమ్మ పోయినప్పుడు టాక్సీని పంపారు. మీ కొట్టులో పటం కట్టించుకున్నవాళ్ళు కూడా స్వయంగా వచ్చి తీసుకెళ్తారండీ. నాకోసం మీరు వచ్చింది లేదు. ఆ బాకీ అలాగే ఉంది."

"కొట్టులో పని ఉంటుంది కదా."

"నాకూ ఈగలున్నాయి కదా."

ఆ మాటతో మూలమట్టంగారి బుర్రలో పథకం మొలిచింది. అడ్డం ఈగలే అయితే, ఆ ఈగలేవో ఇక్కడే ఉంటే? మేడమీద ఒక తేనెపెట్టె పెట్టేస్తే ఆవిడే రెక్కలు కట్టుకుని వాలుతుంది. వెళ్ళే పనిలేదు, రమ్మని అడిగే పనిలేదు. పామూ చావదు, కర్రా విరగదు.

వదినగారి భర్తకు, అంటే తోడల్లుడికి, ఫోను చేసి ఒక స్నేహితుడి కోసమని చెప్పి వివరాలు అడిగారు. ఆ పెద్దమనిషి ప్రతి ప్రశ్నకూ "ఆఁ... ఆఁ..." అని కాసేపు నీళ్ళు నమిలి, ఎవరో అందించినట్టు గడగడా జవాబు చెప్పేవాడు. పాపం వయసు మీదపడుతోంది అనుకున్నారు ఈయన.

పెట్టెలో వేలాడే చెక్కచట్రాలు కావాలట. ఒక్కోదాంట్లో సన్నతీగలు లాగి, వాటికి మైనపు రేకు అతికించాలట. రేకుమీద ఆరుమూలల గళ్ళు అచ్చువేసి ఉంటాయి, ఈగలు ఆ గళ్ళమీదే గదులు కట్టుకుంటాయి. చెక్కకు పాలిష్ పెట్టకూడదు. చట్రానికీ పెట్టెగోడకూ మధ్య ఈగ నడిచేంత సందు వదలాలి.

సందు అనేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. సందు లేకుండా కట్టడమే కదా ఇన్నాళ్ళూ ఆయనకు అన్నం పెట్టింది.

కాబట్టి టేకుచెక్క కోసి, మూలలు ఏటవాలుగా కలిపి, మొహం కనబడేలా పాలిష్ పట్టారు. చట్రం లోపలికి దిగడానికి సుత్తి కావాలి, పైకి రావడానికి దేవుడి దయ కావాలి. అంత బిగువు.

తోడల్లుడు పంపిన మైనపు రేకులు బస్సు పార్సిలులో వచ్చాయి. కాగితం విప్పగానే తేనె, పొగ, ఎండ కలిసిన వాసన. పెళ్ళయిన కొత్తలో ఆవిడ జడలోంచి ఈ వాసనే వచ్చేది. ఏం నూనె రాస్తావని అడుగుదామనుకుంటూనే ఇన్నేళ్ళు గడిచాయి. రేకు మొహానికి ఆనించుకుని అలాగే కూర్చుండిపోయారు. కొట్టుకొచ్చిన మనిషి, "జలుబా అండీ?" అని అడిగాడు.

తీగను వేడిచేస్తే రేకు అతుక్కుంటుందన్నారు కదా అని ఇస్త్రీపెట్టె వాడారు. రేకు సగం తీగకు, సగం ఇస్త్రీపెట్టెకు అతుక్కుంది. మర్నాడు దాంతోనే చొక్కా ఇస్త్రీ చేశారు. ఆ చొక్కా ఆయన తొడుక్కోకముందే కుర్చీలో నిటారుగా కూర్చుంది.

అన్నీ అయ్యాక, పటమన్నాక గాజు లేకపోతే ఎలా అని ప్రతి చట్రానికీ గాజు బిగించారు.

పెట్టె మేడమీద పెట్టి, పంచదార పాకం పూసి ఎదురుచూశారు. నిజంగానే ఒక మిట్టమధ్యాహ్నం ఎక్కడి నుంచో ఒక గుంపు వచ్చింది. ఈగలు పెట్టె చుట్టూ తిరిగాయి, పాలిష్ వాసన చూశాయి, ముఖం తిప్పుకుని కిందికి దిగాయి. కిందనే ఉన్న కొట్టు బయట రంగు ఆరడానికి పెట్టిన పటంమీద వాలాయి. అది వీధిచివరి టైలరమ్మగారి స్వర్గస్థులైన భర్తది. గుంపంతా సరిగ్గా ఆయన చుబుకం కింద వేలాడింది.

అంతలో పటం తీసుకెళ్దామని టైలరమ్మ వచ్చింది. "మా ఆయన జన్మలో గడ్డం పెంచలేదయ్యా. ఇదెవరి పటం?" అని వంగి చూసింది. గడ్డం కదిలింది. ఆ తర్వాత ఆ వీధిలో తెరిచి ఉన్న తలుపు లేదు.

మూలమట్టంగారు బల్లకింద దూరి ఫోను చేశారు. "అన్నయ్యగారూ, ఆ స్నేహితుడి కొట్టుమీద ఈగలు..."

ఈసారి నీళ్ళు నమలడాలేమీ లేవు. "ఆ స్నేహితుణ్ణి బల్లకింద నుంచి కదలొద్దనండి," అంది ఇల్లాలి గొంతు.

"నువ్వా?"

"కొలతలన్నీ ఎవరు అందించారనుకున్నారు? పాలిష్ పెట్టారా?"

"ఒక్క పూతే."

"గాజు కూడా బిగించి ఉంటారు."

"కొంచెం."

"సందు వదిలారా?"

ఆయన బల్లకాలి మూల సరిగ్గా కలిసిందో లేదో తడిమి చూశారు.

"నడవడానికి చోటు లేకపోతే అవి మాత్రం ఎలా ఉంటాయండీ," అని మెల్లగా ఫోను పెట్టేసింది.

సాయంత్రానికి గుంపు లేచింది. ఆయన వీధిలో నిలబడి, అది చుక్కై, చుక్క కూడా కాకుండా పోయేదాకా చూశారు. వచ్చినవి వెళ్ళిపోతే ఇల్లు మునుపటికన్నా ఖాళీగా ఉంటుందని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు కొట్టు మూసి, ఒక చట్రం చంకన పెట్టుకుని బస్సెక్కారు. సరిచేయించుకురావడానికే వెళ్తున్నానని దారిపొడుగునా తనకు తానే చెప్పుకున్నారు.

ఇల్లాలు గుమ్మంలోనే ఉంది. ఆయన పలకరించకుండా పెరట్లోకి నడిచారు. అక్కడ పెట్టెలు నిలబెట్టే ఇటుకలు మాత్రం ఉన్నాయి. పెట్టె లేదు. ఒక్క ఈగ లేదు.

"ఈగలేవి?"

"నాన్నగారు పోయిన ఏడే ఎదురింటి మేష్టారికి ఇచ్చేశాం. మీకు పంపిన రేకులు ఆయనవే."

"మరి ఇన్నాళ్ళూ నువ్వు..."

"ఈ గుమ్మంలో నిలబడితే బస్సు ఆగడం కనిపిస్తుందండీ."

మూలమట్టంగారు చట్రం వైపు చూశారు, ఇటుకల వైపు చూశారు. ఆవిడ చట్రం అందుకుని మూలమీద వేలుపెట్టి రాసింది. "బాగా కలిసింది," అంది. వంటింట్లో వదినగారి గిన్నెల చప్పుడు ఆగింది.

"నిన్ను తీసుకెళ్దామని వచ్చాను," అన్నారాయన ఇటుకలతో.

"ఏమన్నారు?"

"విన్నావుగా."

"నేను విన్నాను. అక్కకు వినబడలేదేమో."

ఆయన గొంతు సవరించుకుని, ఈసారి ఆవిడ మొహంలోకి చూస్తూ, ఎదురింటి మేష్టారికి కూడా వినబడేలా అదే మాట అన్నారు.

ఇల్లాలు లోపలికి వెళ్ళి, ఎప్పుడో సర్దిపెట్టుకున్న సంచీ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"పదండి, బాకీ తీరింది," అంది.