చెట్టు మీది తండా

దేశం వెనకబడి ఉండటానికి అసలు కారణం ఏమిటో జనగామ సభలో మంత్రి మహీధర్ గారు బయటపెట్టారు. ప్రజలు తమ స్మార్ట్‌ఫోన్లలో ఉన్న ఫీచర్లలో పదో వంతు కూడా వాడటం లేదట. మిగతా తొమ్మిది వంతులూ జేబుల్లోనే కుళ్లిపోతున్నాయట. ఈ ఘోరాన్ని అరికట్టడానికే ప్రభుత్వం కొత్తగా ఫోన్ల సద్వినియోగ శాఖ పెట్టి, దాన్ని ఆయన చేతుల్లో పెట్టింది.

"రోడ్డు గావాలంటరు. ఫోన్ల మ్యాపు లేదా? దవాఖాన గావాలంటరు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఫోన్ చెప్తలేదా? కరెంటు లేదంటరు. మరి టార్చ్ ఎందుకిచ్చినట్టు? అన్నీ మీ చేతులనే ఉన్నయి. ఎన్నడన్న అప్‌డేట్ చేసిండ్రా?"

ఎవరూ చేయలేదు. సభ మొత్తం సిగ్గుతో తల దించుకుంది. దించాక ఫోన్లు కనబడ్డాయి కాబట్టి చూసుకుంటూ కూర్చుంది.

ఆ సాయంత్రమే అప్‌డేట్ యజ్ఞం మొదలైంది. జనగామలో కంట్రోల్ రూం వెలిసింది. అందులో గోడంత తెర. అప్‌డేట్ అయిన ప్రతి ఫోనూ ఆ తెర మీద ఒక నీలం చుక్క. చుక్క ఉన్నచోట మనిషి ఉన్నట్టు. చుక్క లేనిచోట అడవి ఉన్నట్టు. పరిపాలన ఇంత తేలికని అంతవరకూ ఎవరికీ తట్టకపోవడం విచిత్రం.

ఇదంతా మంగ్లీకి తెలియదు. ఆ సమయానికి ఆమె ఇద్దరితో ఒకేసారి మాట్లాడుతోంది, ఒక్కో చెవికి ఒక్కో ఫోన్ పెట్టుకుని.

కొత్తగూడ దాటి అడవిలోకి పోతే వాగు. వాగు అవతల హీర్యా తండా. తండాలో సిగ్నల్ లేదు. వాగు ఇవతలి ఒడ్డున ఒక మిట్ట, మిట్ట మీద ఒక ఇప్పచెట్టు ఉన్నాయి. ఎందుకో ఏమో ఆ చెట్టు చుట్టూ మాత్రం సిగ్నల్ వస్తుంది. అందుకని తండా వాళ్లందరూ తమ ఫోన్లను గుడ్డసంచుల్లో పెట్టి ఆ చెట్టు కొమ్మలకు వేలాడదీస్తారు. మంగ్లీ మోకాళ్లు పొలం పనికి ఒప్పుకోవు కాబట్టి ఆమె చెట్టు కింద కూర్చుని ఊరందరి ఫోన్లూ ఎత్తుతుంది. ఏ పాట మోగితే ఎవరి ఫోనో ఆమెకు తెలుసు.

"ఎవలు? వెంకటేశా? మీ అవ్వ మిరపచేనుకు పోయింది నాయినా. అన్నం తిన్నవా? తినలేదా? సరే, తిన్నవని చెప్త. పెట్టెయ్."

సాయంత్రం వాగు దాటి ఇంటికిపోయి ఎవరి కబురు వారికి చేరవేస్తుంది. ఫోన్లు మాత్రం చెట్టు మీదే పడుకుంటాయి. దొంగలు రారు. రావాలంటే దారి ఉండాలి.

చెట్టు పక్కనే ఇనుప దూలాలు, రేకులు కుప్పగా పడి ఉంటాయి. అది వంతెన. పోయిన ఎండాకాలం లారీలో వచ్చింది. బోల్టులు వెనకాల వస్తున్నాయని చెప్పి లారీ వెళ్లిపోయింది. బోల్టులు ఇంకా వెనకాలే ఉన్నాయి. ఈలోపు మంగ్లీ ఆ రేకుల మీద ఇప్పపువ్వు ఆరబోసుకునేది.

ఈ వానాకాలం మాత్రం ఆమె కళ్లు వాగు మీదే ఉన్నాయి. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు నీలికి నెలలు నిండాయి. కిందటేడు పక్కింటి శోభను కాన్పుకని మంచం మీద మోసుకొస్తుంటే వాగు మధ్యలోనే నొప్పులు ఎక్కువై, నడుంలోతు నీళ్లలో నలుగురు మగవాళ్లు మంచం పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడాల్సి వచ్చింది. ఆ మంచం మంగ్లీకి కలలోకి వస్తోంది. కలలో దాని మీద నీలి ఉంటోంది.

అలాంటి సమయంలో అప్‌డేట్ యజ్ఞం చెట్టు కిందికి వచ్చింది. జీపులోంచి స్పెషల్ ఆఫీసర్ రాజ్‌కుమార్ దిగాడు. ఆయన వెనక పార్టీ కార్యకర్త ప్రేమ్‌సింగ్ దిగాడు. ప్రేమ్‌సింగ్‌ది ఆ తండానే. ఫోన్‌ను జేబులో పెట్టుకుని తిరిగే మనిషి తండాలో అతనొక్కడే. నాయకుల ఫోన్ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి అతను ఎక్కువ రోజులు కొత్తగూడలోనే ఉంటాడు.

చెట్టు నిండా కాసిన ఫోన్లను చూసి రాజ్‌కుమార్ ముఖం వెలిగిపోయింది. ఇంటింటికీ తిరిగే పని తప్పింది. జీపులోని వైఫైతో పొద్దు వాలేలోపు చెట్టంతా అప్‌డేట్ అయిపోయింది.

"అమ్మా, గిప్పటి నుంచి మీకు ఏ బాధా లేదు. గీ పక్కనున్న బటన్ ఐదుసార్లు ఒత్తితే అంబులెన్స్ అస్తది. నడిస్తే ఎన్ని అడుగులు నడిచిన్రో లెక్క చెప్తది" అన్నాడు ఆఫీసర్.

"వాగుల నడిచినయి గూడ చెప్తదా సారూ?"

"చెప్తది."

"అంబులెన్స్ వాగు దాటి అస్తదా?"

"ఒడ్డు దాకనే అస్తది. ఆడికెల్లి మీ అడుగులు లెక్కవెట్టే ఫీచర్ మొదలైతది."

ఆ వారమే హీర్యా తండా రాష్ట్రంలోకెల్లా తొలి సంపూర్ణ అప్‌డేట్ గ్రామంగా పేపర్లకెక్కింది. అభినందనల వెంట అభివృద్ధి కూడా వచ్చింది. చెట్టు ముందు నల్లా పెట్టారు. చెట్టు మీదికి వీధిదీపం వేశారు. రాత్రంతా ఆ వెలుతురులో ఫోన్లు హాయిగా పడుకునేవి. చెట్టు మొదట్లో చెత్తడబ్బాలు రెండు పెట్టారు, తడికి ఒకటి, పొడికి ఒకటి. తండా జనం వాగు ఇవతలికి వచ్చి తమ ఊరు ఎంత బాగుపడిందో చూసి వెళ్లేవారు.

తర్వాత లారీ వచ్చింది.

"బోల్టులు అచ్చినయా?" అని మంగ్లీ ఆశగా లేచింది.

"లేదమ్మా. ఇనుము వాపస్ పోతుంది" అన్నాడు లారీ వెనకాలే జీపు దిగిన రాజ్‌కుమార్.

మంగ్లీ వెళ్లి దూలాల మీద కూర్చుంది.

"వాగు అవతల మనుషులుంటెనే గదా బ్రిడ్జి? చూడు" అని ఆయన తన ఫోన్‌లో మ్యాపు చూపించాడు. "అటుదిక్కంత అడవి. ఊరు మొత్తం ఇటుదిక్కే, గీ చెట్టు కాడ ఉన్నది. చుక్కలు చూసినవా? ఒకల మీద ఒకలు ఎట్ల ఇరుక్కుని బతుకుతున్రో! మంత్రిగారు చూసి బాధపడ్డరు. మీకు అపార్ట్‌మెంట్ ఆలోచన చేస్తున్రు."

"మేం పండుకునేది అటుదిక్కు సారూ."

"ఫోన్ ఏడ పండుకుంటది?"

"ఈడనే."

"మరి?"

మంగ్లీ వాగు అవతలికి చేయి చూపింది. "నువ్వు జర అటుదిక్కు పోయి చూడరాదు సారూ? మా ఇండ్లున్నయి, కోళ్లున్నయి, నిండు చూలాలు నా బిడ్డ ఉన్నది."

రాజ్‌కుమార్ వాగువైపు చూశాడు. నీళ్లు ఎర్రగా సుడులు తిరుగుతున్నాయి.

"ఎట్ల పోవాలమ్మా? బ్రిడ్జి లేదు గదా" అన్నాడు.

ఆయన మంచి మనసున్న అధికారి. ముసలమ్మను ఇనుము మీదినుంచి లాగించడానికి మనసొప్పక ఒక మార్గం చెప్పాడు. "రేపు పొద్దుగాల లారీ మళ్లస్తది. ఆలోపల చుక్కలు వాగు అవతల కనవడాలె. కనవడితే ఇనుము ఈడనే ఉంటది. నాది జిమ్మ."

ఆయన జీపు మలుపు తిరగ్గానే మంగ్లీ చెట్టుకున్న సంచులన్నీ దింపి గంపలోకి ఎత్తింది. గంప నెత్తిన పెట్టుకుని, చీర పైకి దోపుకుని వాగులోకి దిగింది. నీళ్లు మోకాళ్లు దాటాయి, నడుం దాటాయి. నెత్తిమీద ఊరంతా మోగుతూనే ఉంది. నడి వాగులోకి వచ్చేసరికి పాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సిగ్నల్ హద్దు అదే. మంగ్లీ అవతలి ఒడ్డెక్కి, గంప దింపి, ఫోన్లన్నీ నీలి ముందు వరసగా పేర్చింది.

"యాడీ, ఇవి ఈడ పనిచెయ్యయి గదా?" అని తల్లిని అడిగింది నీలి.

"పనిచెయ్యకున్న మంచిదే. ఈడ ఉన్నట్టు కనవడితే చాలు."

సరిగ్గా అదే సమయంలో జనగామ కంట్రోల్ రూంలో గగ్గోలు పుట్టింది. హీర్యా తండా మొత్తం, పిల్లాజెల్లాతో సహా, కలిసికట్టుగా వాగులోకి దిగి, నడిమధ్యలో ఒక్కసారిగా ఆరిపోవడం గోడంత తెర మీద అందరూ కళ్లారా చూశారు.

మంత్రిగారు వెంటనే టీవీలో కన్నీరు పెట్టుకున్నారు. ఒక చానల్ వాళ్లు ఆలస్యంగా వస్తే వారికోసం మళ్లీ పెట్టుకున్నారు. అంత పని ఒత్తిడిలో కూడా ఎవరినీ నొప్పించని స్వభావం ఆయనది.

తెల్లారేసరికి ఇప్పచెట్టు కింద జాతర. భూపాలపల్లి నుంచి పడవలొచ్చాయి. మహబూబాబాద్ నుంచి పూలదండలొచ్చాయి. ఇనుము కోసం వచ్చిన లారీ ఎటూ పోలేక మధ్యలో ఇరుక్కుపోయింది. ప్రేమ్‌సింగ్ మంత్రిగారి పక్కన నిలబడి ఉన్నాడు. తన ఫోన్ జేబులోనే ఉంది కాబట్టి తండాలో ప్రాణాలతో మిగిలింది అతనొక్కడే. అందరూ అతన్ని కౌగిలించుకుని ఓదారుస్తున్నారు.

హడావుడి విని అవతలి ఒడ్డుకు తండా మొత్తం వచ్చి నిలబడింది.

"ఎవరు వాళ్లు?" అన్నారు మంత్రిగారు.

రాజ్‌కుమార్ ఫోన్ చూసుకున్నాడు. "ఆడ ఎవలూ లేరు సార్."

"మరి చేతులూపుతున్రు?"

"పరామర్శకు అచ్చినోళ్లై ఉంటరు సార్. చుట్టుపక్కలోళ్లు."

"ఓ సారూ! మేం ఈడనే ఉన్నం! ఇగో, గీడనే!" అని మంగ్లీ గొంతు చించుకుంది. వాగు హోరులో మాట కొట్టుకుపోయింది. మంత్రిగారు చలించి చేయి ఊపారు. ఆపైన మైకు అందుకున్నారు.

"ఈ వాగుకు వంతెన అవసరం లేదని మా శాఖ శాస్త్రీయంగా తేల్చింది. ఆ మాటకు నేను కట్టుబడి ఉన్నాను. కానీ స్మారకం అవసరం లేదని అనే కఠినాత్ముణ్ని కాను. అమరులైన హీర్యా తండా వాసుల స్మృతికి ఇక్కడ ఒక స్మారక వంతెన నిర్మిస్తాం! ఇనుము ఇక్కడే సిద్ధంగా ఉండటం మా ముందుచూపు. బోల్టులు ఈ రాత్రికే వస్తాయి!"

చప్పట్లు మోగాయి. ప్రేమ్‌సింగ్ ముఖంలో రంగులు మారాయి. వాగు అంచుదాకా పరుగెత్తి, మైకు లాక్కుని, తమ ఇంటి భాషలో అరిచాడు. ఆ భాష మంత్రిగారికి రాదు. అందులో ఉన్నది ఇంతే: బోల్టులు బిగించేదాకా మీరంతా చచ్చిపోయి ఉండండి. చేతులూపకండి. ఏడవండి. ఫోన్ ఒక్కటి ఇవతలికి వచ్చినా ఇనుము లారీ ఎక్కుతుంది.

మొదట అర్థమైంది మంగ్లీకే. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆడపిల్లను అత్తింటికి పంపేటప్పుడు ఏడ్చే ఏడుపు ఎత్తుకుంది. తండా ఆడవాళ్లందరూ ఒకరి భుజాల మీద ఒకరు పడి గొంతు కలిపారు. నీలి కూడా పొట్ట పట్టుకుని తన చావుకు తానే ఏడ్చింది.

"ఎంత మంచోళ్లయ్యా గీ చుట్టుపక్కలోళ్లు!" అన్నారు మంత్రిగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ.

దుఃఖం చల్లారకముందే ప్రారంభోత్సవం జరగాలని మంత్రిగారి పట్టుదల. ఆ పట్టుదలకు వాగు కూడా దారిచ్చింది. ఎన్నో నెలలుగా రేకులుగా పడి ఉన్న వంతెన వారం తిరగకుండా లేచి నిలబడింది. తండా ఆ వారమంతా చచ్చిపోయే ఉంది. పట్నంలో ఉన్న కొడుకులకూ అల్లుళ్లకూ, ఏడవద్దని, అలాగని నవ్వొద్దని, ప్రేమ్‌సింగ్ ఒక్కొక్కరికే ఫోన్ చేసి చెప్పాడు.

రిబ్బన్ కత్తిరించాక రాజ్‌కుమార్ మంగ్లీని పక్కకు పిలిచాడు. ఆయనకు ఈపాటికి సంగతి అర్థమైంది.

"అమ్మా, నీ కాళ్లు మొక్కుత. మంత్రిగారికి ఢిల్లీల అవార్డు ఉన్నది. అప్పటిదాక ఎవలూ బతకొద్దు."

"బ్రిడ్జి ఊడవీకరు గదా?"

"అమరుల బ్రిడ్జి ఎవలు ఊడవీకుతరమ్మా? మీరు చచ్చినట్టుండుండ్రి చాలు."

మర్నాడు మధ్యాహ్నం నీలికి నొప్పులు వచ్చాయి. మంచం అక్కర్లేకపోయింది. తల్లి భుజం పట్టుకుని, ఇనుప రేకుల మీద తన కాళ్లతో తానే నడిచి వాగు దాటింది. కింద నీళ్లు హోరుమంటుంటే మంగ్లీ ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. ఇప్పచెట్టు దగ్గర, తండాలో బతికున్న ఒకే ఒక్క ఫోనైన ప్రేమ్‌సింగ్ ఫోన్ పక్క బటన్ ఐదుసార్లు నొక్కారు. శాఖవారి అప్‌డేటెడ్ అంబులెన్స్ చెప్పిన మాట ప్రకారం ఒడ్డు దాకా వచ్చింది.

డ్రైవర్ దిగి తన ఫోన్‌లో వివరాలు కొట్టాడు. పేరు, ఊరు, నంబరు. నీలిని ఎగాదిగా చూశాడు.

"గీమె చచ్చిపోయినట్టు చూపెడుతుంది. చచ్చినోళ్లను ఎక్కిచ్చుకోవద్దని రూలున్నది."

నీలి చెట్టును పట్టుకుని పళ్లు కొరుక్కుంది.

"కండ్ల ముందట అరుస్తుంది గదా నాయినా!" అంది మంగ్లీ.

"అరుస్తుంది. కానీ సిస్టంల లేదు. నేనేం చెయ్యాలె?" డ్రైవర్ నిజంగానే బాధపడ్డాడు. తల గోక్కున్నాడు. అటూ ఇటూ చూశాడు. చివరికి నీలి పొట్ట దగ్గర అతని చూపు ఆగింది.

"అవ్వా, లోపల ఉన్నోళ్లకు ఫోన్ ఉన్నదా?"

"లేదు నాయినా."

"అయితే ఇంక చావలేదు" అంటూ అతను గబగబా తలుపు తెరిచాడు. "ఎక్కియ్యుండ్రి. పేషెంట్ లోపలున్నోళ్లు. గీమెను సామాను కింద రాస్త."