రిబ్బను కట్టిన గాలి

ఆ శుక్రవారం నుంచి భారతదేశంలో గాలికి క్రమశిక్షణ మొదలైంది. ప్రొఫెసర్ త్యాగరాజుగారే స్వయంగా చెప్పారు కనుక అది నిజమే అయి ఉండాలి.

"ఇన్నాళ్లూ గాలి తన ఇష్టం వచ్చినట్టు వీచింది. ఇకమీదట మన సిలబస్ ప్రకారం వీస్తుంది!" అని ఫరీదాబాద్ రోడ్డులోని జాతీయ యంత్రవిద్యా సంస్థ ఆడిటోరియంలో ఆయన ప్రకటించగానే చప్పట్లు మోగాయి. అందరికన్నా చివర చప్పట్లు ఆపింది అరుంధతి. పక్క హాల్లో విదేశాల నుంచి దిగిన విండ్ టన్నెల్, అంటే లోపల పెట్టిన వస్తువు మీదికి తుపాను గాలి వదిలి పరీక్షించే రైలుపెట్టెంత గొట్టం, గులాబీరంగు రిబ్బను కట్టుకుని ముహూర్తం కోసం చూస్తోంది.

అరుంధతి దివిసీమ పిల్ల. ఉప్పెనలో వాళ్ల పిన్ని నాగేంద్రమ్మ ఇంటి రేకులు లేచిపోయి పక్కూరి చేలో పడ్డాయి. రేకు ఎలా బిగిస్తే గాలి ఎత్తుకుపోదో తేల్చాలనే ఆమె ఢిల్లీలో రీసెర్చికి చేరింది. చెప్పుల పెట్టెంత ఇల్లొకటి తన చేత్తోనే చేసి, పైన రేకు ముక్కను ఆనించి, సంచిలో పెట్టుకు తిరిగేది.

"సార్, రేపే మొదలుపెట్టనా?"

"ప్రారంభోత్సవం కావద్దూ? మంత్రిగారు మీట నొక్కాలి."

"ముందొకసారి ఆడించి చూద్దాం సార్. ఆ రోజు మొరాయిస్తే?"

"పిచ్చి అమ్మాయ్! ముందే ఆడితే మంత్రిగారు నొక్కేది రెండోసారి అవుతుంది. రెండోసారిని ప్రారంభం అంటారా?"

అంతటి తర్కం ముందు అరుంధతి తల వంచింది. వెండి పళ్లెంలోని కత్తెర తుప్పు పట్టకుండా నూనె రాసే బాధ్యత ఆమెకు దక్కింది.

మంత్రిగారు తేదీ ఇచ్చారు. తేదీ వచ్చేలోగా మంత్రిగారు మారారు. కొత్త మంత్రిగారు కొత్త తేదీ ఇచ్చారు. ఈసారి ప్రభుత్వమే మారింది. పేర్లు చెక్కి, చెరిపి, మళ్లీ చెక్కి ప్రారంభోత్సవ ఫలకం పాలరాయి అప్పడమంత పలచబడ్డాక, త్యాగరాజుగారు దూరదృష్టితో పేరు చోటు ఖాళీగా వదిలేయమన్నారు. ఆ దూరదృష్టికి మెచ్చి సంస్థ ఆయనను డీన్‌ను చేసింది.

"పదవి ఢిల్లీలో డీటీసీ సిటీ బస్సులాంటిది అమ్మాయ్," అన్నారాయన. "ఆగుతుందని నిలబడ్డవాడు అక్కడే నిలబడి ఉంటాడు. కదులుతుండగానే కమ్మీ పట్టుకోవాలి."

ఆ వేసవిలో నాగేంద్రమ్మ ఢిల్లీ వచ్చి, ఆర్.కె. పురంలో బంధువుల ప్రభుత్వ క్వార్టరులో దిగింది.

"ఏమ్మా, రేకు సంగతి తేల్చావా? మళ్లీ గాలివాన రోజులొస్తన్నయ్."

"ప్రారంభోత్సవం కావాలి పిన్నీ."

"గాలికా?"

"మిషనుకి."

"అట్టాగా! అందాకా కప్పు మీద రాళ్లెత్తుకుంటాంలే."

ఫెలోషిప్పు గడువు ముంచుకొచ్చింది. అరుంధతి డీన్ గదిలో కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఒక్క రీడింగూ లేదు సార్. థీసిస్ ఎలా రాయను?"

"రీడింగు లేకపోవడమే నీ రీడింగు! టాపిక్ మార్చు. 'ప్రారంభోత్సవ నిరీక్షణలో ఉన్న యంత్రాల నిర్వహణ.' ఈ రంగంలో మనకున్నంత అనుభవం ప్రపంచంలో ఎవరికుంది?"

"మరి గాలి సార్?"

"గాలి ఎక్కడికి పోతుంది? డాక్టరేట్ అయ్యాక చూసుకో."

థీసిస్ దివ్యంగా వచ్చింది. రిబ్బను మీద ఏ ఋతువులో ఎంత మందాన దుమ్ము పేరుతుందో ఆమె గీసిన గ్రాఫు చూసి పరీక్షకులు కళ్లద్దాలు తుడుచుకున్నారు. అరుంధతి లెక్చరరైంది. ఆమె గైడు అయినందుకు త్యాగరాజుగారు మూలపడ్డ యంత్రాల జాతీయ సంఘానికి అధ్యక్షులయ్యారు.

అప్పుడు వచ్చింది మంత్రిత్వశాఖ సర్క్యులర్: ప్రారంభోత్సవాలు ఆడంబరం, రద్దు చేయడమైనది, యంత్రాలను తక్షణం వాడుకోవలెను.

అరుంధతి పరుగెత్తింది. రిబ్బను విప్పింది. తన ఇంటిని గొట్టంలో నిలబెట్టింది. మీట మీద చెయ్యి వేసింది. ఫోను మోగింది.

"అమ్మాయ్, మీట నొక్కేశావా?"

"నొక్కబోతున్నాను సార్!"

"చెయ్యి తియ్యి. రేపు విదేశీ నిపుణులొస్తున్నారు, నీ థీసిస్‌లోని యంత్రాన్ని కళ్లారా చూడ్డానికి. అది తిరుగుతూ కనిపిస్తే మన సిద్ధాంతం ఏం కావాలి? ఎల్లుండి నీ రీడర్ పోస్టు ఇంటర్వ్యూ. బోర్డులో నేనే ఉన్నాను. ఠీక్ హై?"

గొట్టంలో చిన్న రేకు తళతళ మెరిసింది. అరుంధతి మీట మీంచి చెయ్యి తీసింది.

"ఠీక్ హై సార్."

మర్నాటికి రిబ్బను యథాస్థానంలో ఉంది. పాత మడతల వెంటే ముడి వేయడంలో ఆమెకు సాటి లేరు. కత్తెర పళ్లెం పక్కనే, బల్ల మీద, చిన్న ఇల్లు కూడా ప్రదర్శనకు పెట్టారు. అతిథులు గొట్టాన్ని ఎంతో గౌరవంతో చుట్టివచ్చారు. వారికి ఉక్కపోస్తోందని త్యాగరాజుగారు సీలింగ్ ఫ్యాను వేయించారు.

ఎలా బిగించాలో ఇంకా తేలలేదు కనుక ఊరికే ఆనించి ఉన్న రేకు, ఆ గాలికి లేవబోయింది.

అరుంధతి అటూ ఇటూ చూసి, పళ్లెంలోని కత్తెర తీసి కప్పు మీద పెట్టింది.

ఆ తరవాత కప్పు కదల్లేదు.