కాశీయాత్రా పూర్వ వార్తాక సంగ్రామము

అహోరాత్ర బొగ్గుధూమ విరాజితంబును, ఇంజను బృంహిత ఘోష నినాదితంబును, పడమట రాయపూరునకును ఉత్తరమున కర్గీ రోడ్ మీదుగా కట్నీకిని ఇనుపబాహువులు చాచినదియు నగు బిలాస్‌పూరు మహాపట్టణమున, విజయనగర ప్రాంతమునుండి తండ్రులనాడు వలసవచ్చిన తెలుగువారి రైల్వే క్వార్టర్ల వరుసలో, కార్తీకపు తొలిచలి చెవులు కొరుకుచున్న ఒకానొక ఆదివారమున చెలరేగిన ఘోరసంగ్రామమును చెప్పెద. పనులు కట్టిపెట్టి వినుడు.

ఈ కథకు నాయకుడు అప్పలస్వామి. లోకోషెడ్డున ఫిట్టరు. సుత్తిధరుడు, బాయిలరుమర్దనుడు, తుప్పుపట్టిన నట్ల పాలిటి యముడు. అట్టి శూరునకు లోకమున రెండే భయములు. ఒకటి, నీళ్లమీద ఊగు పడవ. రెండవది, వార్తాకమని పండితులును వంకాయయని తిన్నవారును పిలుచు ఆ కాయ లేని ఆదివారపు భోజనము. పడవభయము తనకు తప్ప పరులకు తెలియదని అతని నమ్మకము. ఆ సంగతి వరుసవరుసంతకును తెలియును.

ఆలుమగలకు రైల్వేవారి ఉచిత కాశీ పాసు చేతికందినది మొదలు ఆ వీరునకు నిద్ర లేదు. నాటి ఉదయమున షెడ్డునుండి తెచ్చిన సుద్దముక్కతో వంటయింటి గచ్చుపై కాశీనగరమును సాంగోపాంగముగా లిఖించి, దండయాత్రకు ముందు సేనాని వలె నిలువబడి ఇట్లు గర్జించెను.

“ఇనుకో మంగా! ఇక్కడ బండి దిగుతాం. దిగిన కాడ కచోరీ. అది అరిగీదాకా ఈ సందులో నడక, సందు సివర జిలేబీ. మద్దేన్నం రబ్డీ. సందేల మలాయి. ఆకర్న పాను. ఎటు సూసినా గుడులే గదా, దారంట దండం ఎట్టుకుంటూ ఎలిపోదాం!”

అర్ధాంగి మంగాయమ్మ సమ్మార్జనీహస్తయై, అనగా చీపురు చేతబట్టి, ఆ పటమును ఆమూలాగ్రము పరికించెను.

“అచ్ఛా. గంగేది?”

“ఇక్కడెక్కడో ఉంటాది,” అని వీరుడు పానుదుకాణమునకు ఆవల, బియ్యపుడబ్బా దిక్కునకు చేయి విసరెను.

“నాను పడవెక్కాల మావా. పుట్టి బుద్దెరిగి పడవెక్కనేదు. ఆ కొస నుంచి ఈ కొసదాకా ఘాట్లన్నీ నీల్ల మీద కూకోని సూడాల. నాకున్న కోరికల్లా అదే.”

బాయిలరుమర్దనుడు పటమునుండి ఒక అడుగు వెనుకకు వేసెను. నోరు మాత్రము వెనుకంజ వేయలేదు. “గంగమ్మ నెత్తి మీద కూకుంటే పాపమే! ఒడ్డున నిలబడి సూస్తేనే పున్నెం.”

అంతలో పక్క క్వార్టరు అప్పయమ్మ, ఆ వరుసలో కాశీ చూచివచ్చిన ఏకైక మహాతల్లి, తోడుకు మజ్జిగచుక్క కోసము గిన్నెతో ప్రవేశించి, గచ్చుమీది దుకాణములను చూచి పెదవి విరిచెను.

“తిండి సరే బాబూ. ఒగ్గేసీదేటి? కాశీకెల్లినోల్లు ఎవులికి ఇట్టమైన కాయ ఆల్లు గంగలో ఒగ్గేయాల. మరి బతికున్నన్నాల్లూ ముట్టకూడదు. నాను గుమ్మడికాయ ఒగ్గేసినాను. ఇప్పటికీ కల్లోకొస్తాది.”

పిడుగు! గుత్తివంకాయ, ఎండురొయ్యలేసిన వంకాయ, కాల్చిన వంకాయ పచ్చడి వరుసగా అతని కన్నులయెదుట కడసారి దర్శనమిచ్చి వెడలిపోవుచున్నట్లు తోచెను. అయినను ధీరుడు గనుక తక్షణమే ఉపాయమును సంధించెను.

“నాను కాకరకాయ ఒగ్గేస్తాను!”

“కాకరకాయ కంచంలో ఏస్తే మొకం మాడ్సుకుంటావు. అదొగ్గేయడం త్యాగమేటి, తప్పించుకోడం గానీ,” అనెను మంగాయమ్మ.

అప్పయమ్మ తల యూపెను. ఇక తప్పదని వీరుడు తన రెండవ ప్రాణమగు ఆనపకాయను నిజమైన కన్నీటితో బలియిచ్చెను. అప్పయమ్మ అంగీకరించెను. కోట దక్కెనని అతడు మీసము దువ్వెను.

“అయితే నాను వంకాయ ఒగ్గేస్తాను,” అనెను మంగాయమ్మ ఊడ్చుచునే.

“నువ్వొగ్గేస్తే ఒగ్గేయ్. నాను తింటాను!”

“ఉప్పు సూడకుండా ఎలాగొండుతాను?”

“సూడకూడదు, సూడకూడదు,” అని అప్పయమ్మ తీర్పు చెప్పెను. “మా ఇంట గుమ్మడికాయ మరి పొయ్యెక్కనేదు.”

“నానే ఒండుకుంటాను!”

“కిందటేడు నువ్వొండిన కూడు కాకులు ముట్టినాయేటి మావా?”

బాణము మర్మమున దిగెను. మంగాయమ్మ చీపురు గోడకు ఆనించెను. “నాకూ వంకాయంటే ఇట్టమే మావా. ఏడుస్తానే ఒగ్గేస్తాను. పడవెక్కకుండా తిరిగొచ్చినా ఏడుపే గదా,” అనెను. ఈమారు ఆమె కంఠమున పరిహాసము లేదు.

వీరుడు గచ్చుపై కూర్చుండి, మలాయి దుకాణమును తన అరచేతితోనే చెరిపి, షెడ్డున ఎన్నడును గీత తప్పని చేత వంకరటింకరగా ఒక పడవను గీసెను.

“ఎక్కుదాం. గానీ నాను నడిమిన కూకుంటాను. అంచున కూకోను.”

“నడిమినే కూకో. నా సెయ్యట్టుకో.”

“మరి వంకాయ?”

“కాకరకాయ ఒగ్గేస్తాన్లే. నాకదింకా ఇట్టం.”

ఇకపై ఇంట కాకర ఉడకదు! “అయ్యో పాపం,” అనెను అప్పలస్వామి. అంతటి అబద్ధపు అయ్యో బిలాస్‌పూరున అంతకుముందెన్నడును వినబడలేదు. అంతలో మంగాయమ్మ పెరటి పందిరిపై తాను పెంచిన కాకరపాదు వంక ఒకమారు చూచెను. అది చూడగా అతని సంతోషము చల్లారెను.

“అంచునే కూకుంటాన్లే,” అనెను మెల్లగా.

“ఒద్దొద్దు. నువ్వు అంచున కూకుంటే పడవొరిగిపోతాది,” అని ఆమె నవ్వి, కత్తిపీట ముందుకు లాగెను.

ఇట్లు మలాయిని కోల్పోయి, ఆనపకాయను అర్పించి, గంగానదికి లొంగిపోయి, ఇంకను బండియైనను ఎక్కకయే సర్వమును ఓడిన అప్పలస్వామి, ఆ మధ్యాహ్నము కంచములో నిగనిగలాడు నాలుగు గుత్తివంకాయలలో ఒకదానిని తీసి భార్య కంచమున వేసి, తక్కిన మూడింటిని జయించెను. దిక్కులారా వినుడు: వంకాయ గెలిచెను!