వణికితే బాన్సువాడలోనే వణకాలి

వణుకుడు రోగమంటూ వస్తే మనిషికి బాన్సువాడలోనే రావాలి! హైదరాబాదులో వస్తే ఏముంది? ఒక డాక్టరు, ఒక చీటీ, నాలుగు మాత్రలు. పక్క ఫ్లాటువాడికి కూడా పట్టదు. మా దగ్గర అలా కాదు. ఒక చెయ్యి వణికిందంటే ఊరంతా డాక్టర్లే. ఫీజు లేదు, అపాయింట్‌మెంటు లేదు, స్కానింగు అసలే లేదు. బస్టాండు ముందు చాయ్ చల్లారేలోపల రోగమేమిటో, కారణమేమిటో, ఆ కారణం ఏ దుకాణంలో దొరుకుతుందో కూడా చెప్పి పంపుతారు.

నమ్మరా? అయితే పండరి సంగతి వినండి.

పండరికి అరవై దాటాయి. పెద్ద కొడప్‌గల్ వైపు వరి, చెరుకు పండించే పొలం, బాన్సువాడలో ఇల్లు. తండ్రి పండరిపురానికి నడిచి వెళ్లివచ్చిన ఏడాది పుట్టాడు కాబట్టి ఆ పేరు. మెడలో తులసిమాల. ఆ మాల వేసుకున్నవాడు మాంసం ముట్టకూడదు, కల్లు తాగకూడదు. పండరి ఇంకో మెట్టు పైకెక్కాడు. పెళ్లిళ్లలో సోడా ఇచ్చినా రెండుసార్లు వాసన చూసిగాని నోట్లో పోసుకోడు.

అంతటి నిష్ఠాపరుడికి భగవంతుడు ఊరికే ఉంటాడా? రోగాన్ని కుడిచేతి బొటనవేలి దగ్గర మొదలుపెట్టాడు. బొటనవేలు వెళ్లి చూపుడువేలి మీద మెల్లగా దొర్లేది, కనపడని పూసనేదో తిప్పుతున్నట్టు. డాక్టర్లు దానికి ఏదో పేరు పెట్టుకున్నారట. మా ఊరు అంతకంటే మంచి పేరు పెట్టింది. జపం!

ఇక చూడండి వైభవం. బస్సులో కిటికీ పక్క సీటు. హోటల్లో ముందుగా చాయ్. భజన మండలి పెద్ద భీంరావు అయితే మైకు పట్టుకుని చెప్పేశాడు. "పండరి ఏళ్లు సూడుండ్రి! ముచ్చట వెడుతున్నా సరే, లోపల నామం ఇడుస్తలేడు!" జనం పండరి వేళ్లకు దండం పెట్టారు. పండరి సిగ్గుతో చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. జేబులో కూడా జపం సాగింది.

ఈ పుణ్యకాలం ఏడాదిపాటు నడిచింది. ఈలోగా కూతురు వర్ష తండ్రిని నిజామాబాదు తీసుకెళ్లి పెద్ద డాక్టరుకు చూపించింది. ఆయన పండరి చేత చెయ్యి తిప్పించాడు, నడిపించాడు, కూర్చోబెట్టాడు. పార్కిన్సన్స్ అన్నాడు. ఈ చెయ్యి ఊరికే ఉంటేనే వణుకుతుంది, పనిలో పెడితే తగ్గుతుంది అన్నాడు. ముఖం బిగుసుకుంటుంది, గొంతు తగ్గుతుంది, ఒక్కోసారి కాళ్లు నేలకు అతుక్కుపోతాయి అన్నాడు. మాత్రలు మాత్రం టైము తప్పకూడదు, రోగం పూర్తిగా పోదు, మనమే దానితో కలిసి బతకాలి అని కూడా అన్నాడు. ఆ ఆఖరి మాట దగ్గర పండరి భార్య భూమవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏడవడమెందుకు? లాభాలు చూడొద్దా!

ముఖం కదలదు కదా, పండరికి పంచాయితీల్లో గిరాకీ పెరిగింది. గట్టు తగాదాలో రెండు పక్షాలూ గొంతు చించుకుంటుంటే ఈయన ముఖంలో కోపం లేదు, జాలి లేదు, విసుగు లేదు. ఇంతటి నిష్పక్షపాతం ఏ జడ్జికుంది? గొంతు తగ్గింది కాబట్టి ఇంట్లో భూమవ్వ మాటే చెల్లుతోంది. ముందు నుంచీ ఆమె మాటే చెల్లుతోందనుకోండి, ఇప్పుడు ఎదురు వాదన వినపడదు, అంతే తేడా.

కాళ్లు అతుక్కుపోవడం మరీ సౌకర్యం. గడప దగ్గరికి రాగానే పండరి ఆగిపోతాడు. మనసు గడప దాటి వీధి చివరికి వెళ్లిపోతుంది, కాళ్లు మాత్రం ఇంట్లోనే. అప్పుడు భూమవ్వ చేతులు తట్టి తాళం వేస్తుంది, "విఠల్ విఠల్" అని. ఆ తాళానికి కాళ్లు కదులుతాయి. ఇంట్లో రోజుకు ఇన్నిసార్లు నామస్మరణ జరిగే కుటుంబం జిల్లాలో ఇంకొకటుందా? వర్ష ఒకరోజు వీధిలో జబ్బు పేరు చెబితే సగం మందికి పార్కింగ్ అని వినపడింది. పండరి బస్టాండు రోడ్డు మధ్యలో ఆగిపోవడం వాళ్లు కళ్లారా చూసినవాళ్లే. పేరు సరిగ్గానే కుదిరిందన్నారు.

మాత్ర వేసుకున్నాక కాసేపటికి ఒళ్లు తేలికవుతుంది. ఆ ప్రభావం తగ్గగానే మళ్లీ మొద్దుబారుతుంది. పొలం మోటరు నడిపినవాళ్లు కాబట్టి మొగుడూపెళ్లాలు దీనికి సొంత భాష పెట్టుకున్నారు.

"కరెంటొచ్చిందా?" అంటుంది భూమవ్వ.

"ఇంక రాలె," అంటాడు పండరి.

కరెంటు వచ్చేదాకా ఆమె అతని అంగీ గుండీలు పెడుతుంది. ఆ కాసేపు పండరి గోడవైపు చూస్తాడు. చెరుకు మోపులు ఒంటిచేత్తో బండికెత్తిన మనిషి, చొక్కా గుండీ ముందు ఓడిపోవడం ఎవరికి మాత్రం బాగుంటుంది? సరే, అది వ్యంగ్య రచనలో రాయాల్సిన విషయం కాదు, వదిలేద్దాం.

రెండో ఏడు వణుకు వేళ్లు దాటి మణికట్టుకు ఎక్కింది. హోటల్లో చెయ్యి బల్లమీద పెడితే బల్లమీది చాయ్‌లన్నీ వణికేవి. జపమాల ఇంత గట్టిగా ఎవరూ తిప్పరు కదా! ఊరు తన మొదటి డయాగ్నసిస్‌ను వెనక్కి తీసుకుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. అలవాటు పడినవాడికి ఒకరోజు కల్లు దొరక్కపోతే చేతులు ఎలా వణుకుతాయో మా దగ్గర పిల్లలకు కూడా తెలుసు. చెయ్యి వణికిందా? కల్లు పడలేదు. అంతే, ఎమ్మారై కూడా ఇంత తొందరగా చెప్పదు.

మొదట చెయ్యి పట్టుకున్నవాడు లింగం. చిన్ననాటి స్నేహితుడు, పండరిని బావా అంటాడు. హోటల్ వెనక్కి తీసుకెళ్లి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎన్ని దినాలాయె బావా, బంద్ జేసి?"

"ఏంది బంద్ జేసుడు? నేనెప్పుడన్న తాగిననా?"

పండరి గట్టిగానే అన్నాననుకున్నాడు. కానీ ఆ గొంతులో ముందు మాటలన్నీ గాలిలో కలిసిపోయి చివరి మాట ఒక్కటే బయటికి వచ్చింది. లింగానికి "తాగిన" అని వినపడింది. లింగం కళ్లనిండా నీళ్లు పెట్టుకుని బావ భుజం తట్టాడు. "ఫికర్ జెయ్యకు. ఒక్కపారే బంద్ జేస్తే పానం మీదికొస్తది. రోజింత తగ్గించుకుంట రావాలె." అని ఊరుకోలేదు. మర్నాడు పేపరు చుట్టిన సీసా ఒకటి పండరి ఇంటి గేటుకు తగిలించి వెళ్లాడు. అంత ప్రేమ! భూమవ్వ మండిపడి కల్లంతా మందారచెట్టు మొదట్లో పోసి, ఖాళీ సీసా గోడ పక్కన పడేసింది. ఆ ఖాళీ సీసాను వీధి చూసింది. ఇంక సాక్ష్యం ఏం కావాలి?

ఇదంతా పండరి భరించేవాడే. కానీ హరినామ సప్తాహం దగ్గర పడింది. ఆ ఏడు రోజులూ నామం ఆగకూడదు, మండపంలో వీణ నేలకు తగలకూడదు. ఒకరు నిలబడి వీణ పట్టుకుంటే, వాళ్ల పహరా అయ్యాక ఇంకొకరు అందుకోవాలి. పండరి మాల వేసుకున్ననాటి నుంచి ఒక్క సప్తాహం కూడా వీణ పట్టకుండా పోలేదు. పొలం ఎండినా, తండ్రి పోయిన ఏడైనా సరే. రోగం వచ్చాక అతనికి మిగిలిన ఆశ అదొక్కటే. చేతికి పనిస్తే వణకదని డాక్టరు చెప్పినప్పుడు పండరికి మొదట గుర్తొచ్చింది ఆ వీణే.

భీంరావు ఇంటికే వచ్చాడు, పెద్దమనిషి. ఆయన మెడలోనూ మాల ఉంది. ఆయన అలవాట్ల గురించి నేనేమీ అనను. సాయంత్రమయ్యేసరికి పొలం చూసివస్తానని స్కూటరు మీద బయల్దేరతాడు. పొలం ఊరికి తూర్పున ఉంది, స్కూటరు పడమటికి పోతుంది. అంతకుమించి నాకు తెలియదు.

"పండరీ, ఈ యేడు వీణకు నువ్వు రావొద్దు," అన్నాడు. "సప్తాహం అయ్యేదాక మాల గూడ తీసి దేవునికాడ వెట్టు. జనం నోరు మంచిది గాదు."

పండరి చెయ్యి మాల మీదికి వెళ్లింది. పూసలు గలగలలాడాయి. భార్యవైపు చూశాడు.

భూమవ్వకు ఒళ్లు మండిపోయింది. "అన్నా, ఏం మాటలయి? ఆయనది బీమారి! రోజుకు నాలుగుపార్లు మందు ఏసుకుంటడు. మందు ఏసుకోకుంటే పొద్దుగాల మంచం దిగనే దిగడు!"

భీంరావు నోరు తెరిచాడు. "నాలుగుపార్లా!"

"అవ్. టైం తప్పొద్దు. ఉత్త కడుపుతోనే ఏసుకోవాలె."

"ఉత్త కడుపుతోనా!" అన్నాడు భీంరావు. ఆ గొంతులో భయముంది, కొంచెం గౌరవం కూడా ఉంది. అయ్యా తెలుగు భాషా! దవాఖానలో ఇచ్చేదానికీ దుకాణంలో పోసేదానికీ ఒకటే పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, వాడికి పార్కిన్సన్స్ లేదని మాత్రం కచ్చితంగా చెప్పగలను. భూమవ్వ పొరపాటు తెలుసుకుని కొంగుముడి విప్పి మాత్రల పట్టీ చూపించింది. భీంరావు తల పంకించాడు. "గివి నాకెరికే. బంద్ జేసినోల్లకు గివే ఇస్తరు." ఇంక ఏం చూపిస్తారు?

పండరి మాల తియ్యలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. "మాల తియ్యమన్నడు భూమీ," అని ఒక్కమాటే అన్నాడు. అతని ముఖంలో ఏమీ కనపడలేదు. భూమవ్వకు మాత్రం కనపడింది.

సప్తాహం మొదలైంది. పండరి వెళ్లి మండపంలో వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. పక్కవాళ్లు కొంచెం జరిగి కూర్చున్నారు. తాళాలు మోగితే మాత్రం అతని కాళ్లు వాటంతటవే లేచేవి. "ఇంట్ల నడవరాదంట, ఈడ ఎగురుతుండు సూడు!" అని దానికీ ఒక తీర్పు చెప్పారు.

నాలుగోనాటి పొద్దున వీణ భీంరావు చేతిలో ఉంది. పాపం, మండలి పెద్ద కదా, నాలుగు రోజులుగా మండపం వదిలి కదలడానికి లేదు. స్కూటరు కదల్లేదు, పడమటి పొలం చూడలేదు. ముందు వేళ్లు అదిరాయి. తర్వాత మోచెయ్యి. చూస్తుండగానే మనిషంతా గజగజ వణికాడు, ముఖం నిండా చెమటలు, చేతిలో వీణ పక్కకు ఒరిగింది.

ఊరు ఏమందో చెప్పుకోండి చూద్దాం. కల్లు పడలేదందా?

"దేవుడొచ్చిండు! భీంరావుకు దేవుడొచ్చిండు!"

కొబ్బరికాయలు పగిలాయి. హారతి వెలిగింది. అందరూ సాగిలపడి దండాలు పెడుతున్నారు తప్ప, ఒరుగుతున్న వీణను చూసేవాడు లేడు. చూసింది పండరి ఒక్కడే. లేవబోయాడు. కాళ్లు అతుక్కుపోయాయి.

ఆడవాళ్ల వరసలోంచి భూమవ్వ అరిచింది. "కరెంటున్నదా?"

"ఉన్నది!" ఆ సన్నని గొంతు ఇంకెవరికీ వినపడలేదు, భూమవ్వకు వినపడింది.

ఆమె చేతులు తట్టింది. విఠల్ విఠల్. కాళ్లు కదిలాయి. దండాలు పెడుతున్నవాళ్ల మధ్యలోంచి, ఆ తాళం మీదే అడుగులు వేసుకుంటూ వెళ్లి, వీణ నేల తాకబోయే ముందు పండరి అందుకున్నాడు. గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. పని దొరికిన చెయ్యి నిమ్మళించింది. వణుకు లేదు. ఆ కాసేపు ఆ చెయ్యి మళ్లీ తనదైంది. పండరి కళ్లవెంట నీళ్లు కారాయి, గొంతులో ఉన్నంత మట్టుకు నామం అందుకున్నాడు.

ఇప్పుడైనా ఊరికి అర్థమైందని మీరు సంతోషిస్తున్నారు కదూ? తొందరపడకండి.

"అరే, ఒణుకుతలేదు సూడు!" అన్నారొకరు.

"ఇయ్యాల ఏసుకొనొచ్చినట్టుండు," అన్నారింకొకరు. "గందుకే గింత మంచిగ నిలవడ్డడు."

తెలివైన ఊరు. వణికితే తాగలేదు, వణక్కపోతే తాగాడు. తప్పించుకునే దారి ఎక్కడుంది?

ఇంతలో భీంరావు వీణకు మొక్కుతున్నట్టుగా దగ్గరికి వంగి పండరి చెవిలో అడిగాడు. "ఈ యేళ యాడ దొరికిందిరా నీకు? జర నాకు గూడ సెప్పు."

పండరికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ముఖం రెంటినీ బయటికి రానివ్వలేదు. "భూమవ్వ కొంగుల," అన్నాడు.

భీంరావు నిజంగానే వెళ్లాడు. మండలి పెద్ద, మెడలో పూలదండ, ఒంటిమీద ఇంకా దిగని దేవుడు, వణుకుతున్న చెయ్యి చాచి భూమవ్వ ముందు నిలబడ్డాడు. ఆమె ఆ చెయ్యిని చూసింది. అంతా అర్థమైంది. కొంగుముడి బిగించింది.

"ఇది నీకు పని జెయ్యదన్నా. నీది బంద్ జేస్తే నయమైతది. మా ఆయనది కాదు."

భీంరావు తల దించుకున్నాడు. అతనికి ఆ క్షణాన సర్వం తెలిసిపోయింది. అది నేను ఒట్టేసి చెప్పగలను. కానీ తెలిసిన నిజం చెప్పాలంటే తనకొచ్చిన దేవుణ్ని కూడా బయటపెట్టాలి కదా!

ఆఖరి రోజు భీంరావు మైకు అందుకున్నాడు. వచ్చే సప్తాహంలో మొదటి పహరా పండరిదేనన్నాడు. మాల ఊసెత్తలేదు. అంతటితో ఆపితే బాగుండేది. జనంవైపు కన్ను గీటి, "గని పండరీ, మందు మాత్రం మరువకుండ ఏసుకొని రావాలె!" అన్నాడు.

"ఏసుకొనే వస్త," అన్నాడు పండరి.

మండపమంతా పగలబడి నవ్వింది. ఒక్క పండరి ముఖంలోనే నవ్వు లేదు. ఆ ముఖం కదలకపోవడానికి కారణం డాక్టరు చెప్పాడు. మిగతా ముఖాలకు వచ్చిన రోగమేమిటో ఎవరూ చెప్పలేదు. దానికి మందు లేదనుకుంటాను, ఏ అర్థంలో తీసుకున్నా.