సిల్లీ అనే దీవెన

మిమ్మల్ని ఈమధ్య ఎవరైనా ‘సిల్లీ’ అన్నారా? అయితే మీరు అదృష్టవంతులు! ముఖం ముడుచుకోకండి. అన్నవారికి మనసులోనే ఒక నమస్కారం పెట్టుకోండి. ఒక మనిషి ఇంకొక మనిషికి పైసా ఖర్చు లేకుండా చేయగలిగిన అతి పెద్ద ఉపకారం అదేనని నేను చాలాకాలం ఒంటరిగా కూర్చుని ఆలోచించి తేల్చుకున్నాను. ఒంటరిగానే ఎందుకంటే, పదిమందిలో ఈ సంగతి చెబితే నన్నే సిల్లీ అంటారు. అంటే అదీ లాభమే అనుకోండి!

ముందు ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో దీనికి అర్థం ‘ధన్యుడు’. సుఖంగా ఉన్నవాడు, దేవుడు చల్లగా చూసినవాడు. జర్మన్ భాషలో దీని దాయాది ఒకటి ఇప్పటికీ ఆ గౌరవంతోనే బతుకుతోంది.

దేవుడు చల్లగా చూశాడంటే వాడు అమాయకుడై ఉంటాడన్నారు. అమాయకుడు కాబట్టి ఎవరికీ హాని చెయ్యలేడన్నారు. హాని చెయ్యలేనివాడు, పాపం, జాలిపడదగ్గవాడే కదా అన్నారు. జాలిపడదగ్గవాడు ఎలాగూ బలహీనుడు. అంత బలహీనుడికి బుర్ర మాత్రం బలంగా ఎందుకుంటుంది? అలా తరానికి కొంచెం చొప్పున దించుకుంటూ వచ్చి, చివరికి బుద్ధిహీనుడి పక్కన పీట వేసి కూర్చోబెట్టారు. ఇంత దిగజారినా ఆ మాటను ఒక్కరు కూడా తొయ్యలేదు. అందరూ జాలిగా చెయ్యి పట్టుకునే దించారు!

మనిషి మనసు గురించిన పుస్తకాలు చదవడం నాకున్న ఒకే ఒక వ్యసనం. భయం ఎక్కడ పుడుతుంది, పసితనంలో ఎక్కడ దాక్కుంటుంది, పెద్దయ్యాక ఏ వేషంలో బయటికొస్తుంది అని పెద్దలు లావుపాటి గ్రంథాలు రాశారు. చివరి పేజీ దాకా చదివినా భయాన్ని వదిలించే ఉపాయం నాకు దొరకలేదు. ‘సిల్లీ’ ఆ పనిని రెప్పపాటులో చేసేస్తుంది. భయం పోదు, ఒప్పుకుంటాను. భయం గురించి చెప్పడం పోతుంది. వినేవాడికి ఈ రెంటికీ తేడా ఏముంది?

ఇలాంటి మాటలు మనకు మాత్రం లేవా అంటారా? ఉన్నాయి, కాని పనికిరావు. ‘పిచ్చి’ అంటే ఎదుటివాడు గొడవకు దిగుతాడు. ‘తెలివితక్కువ’ అంటే ఎవరికి తక్కువో తేల్చుకుందాం రమ్మంటాడు. ‘చాదస్తం’ అనిపించుకోవాలంటే తల నెరవాలి. ‘సిల్లీ’కి ఈ బాదరబందీ లేదు. నవ్వుతూ అనొచ్చు. బుగ్గ మీద చిటికె వేసి అనొచ్చు. అన్న నోటితోనే కాస్త టీ పెట్టమని అడగొచ్చు.

పైగా దీనికి ఎదురుచెప్పడం ఎవరి తరమూ కాదు. కోపం వచ్చిందా? ఇంత చిన్నదానికి కోపమేమిటి, సిల్లీ! ఏడుపొచ్చిందా? మరీ సిల్లీ! మాట్లాడడం మానేశారా? అమ్మయ్య, ఇప్పటికి దారికొచ్చారు! లోపలికి తలుపుండి బయటికి లేని గదిలాంటి మాట ఇది. ఇంత కట్టుదిట్టమైన గదిని ఏ మేస్త్రీ కట్టలేదు.

మా అపార్ట్‌మెంటు సంగతే తీసుకోండి. మెట్ల దగ్గర గ్యాసు వాసన వస్తోందని పై అంతస్తులో ఉండే టీచరమ్మ అసోసియేషన్ సెక్రటరీకి చెప్పింది. ఆయన ఒక్కసారి గాలి పీల్చి, అంత సిల్లీ విషయానికి మీటింగు పెట్టలేమన్నాడు. ఆవిడ ఇంటికి వెళ్ళి కిటికీలన్నీ తెరుచుకుని కూర్చుంది. ఎంత ప్రశాంతంగా ముగిసింది! లేకపోతే ప్లంబరు రావాలి, పైపులు విప్పాలి, చందాలు వెయ్యాలి, కింది వాటా ఆయన నేను ఇవ్వనంటాడు. వాసన ఏమైందంటారా? అది అలాగే ఉంది. మేమే దానికి అలవాటుపడ్డాం.

నాకు తెలిసిన డాక్టరొకాయన ఈ మాటను మందులాగే వాడతాడు. గుండెల్లో బరువుగా ఉందన్నవాడికి ఉదయం ఒక సిల్లీ, రాత్రి ఒక సిల్లీ. చాలామంది ఆయన దగ్గరికి మళ్ళీ రారు. నయమైపోయిందని ఆయన నమ్మకం.

క్రికెట్ చూసేవాళ్ళకు ఇంకో సంగతి గుర్తుచేస్తాను. బ్యాటుకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక మనిషిని నిలబెడతారు. బంతి వచ్చిందంటే పళ్ళు రాలతాయి. ఆ చోటుకు ‘సిల్లీ పాయింట్’ అని పేరు. అక్కడ నిలబడేవాడికి బుద్ధి ఉండదని అలా పెట్టారంటారు. దూరంగా బౌండరీ తాడు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డవాడి చోటును మాత్రం ఎవరూ సిల్లీ అనరు. దెబ్బకు దగ్గరగా ఉన్నవాడిదే బుద్ధి తక్కువ! ఆట అయినా ఎంత న్యాయంగా ఆలోచించిందో చూడండి.

ఇంతవరకూ నేను చెప్పినవి నమ్మకపోతే మా అక్కను చూడండి.

అక్క నిచ్చెనలు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఇళ్ళల్లో అటక మీద సామాను దించుకోవడానికి వాడే అల్యూమినియం మడత నిచ్చెనలు. ఆమె ఉద్యోగం వాటిని ఎక్కడం. నవ్వకండి. ఆ ఫ్యాక్టరీలో మొదటినుంచీ ఒక ఆచారం ఉంది. తయారైన ప్రతి నిచ్చెననూ ఒక మనిషి ఎక్కాలి. పై మెట్టు మీద చేతులు వదిలి నిలబడి, అందరికీ వినపడేలా ‘సరే’ అనాలి. ఆ మాట వినపడితేనే కిందివాళ్ళు దాన్ని మడిచి అట్ట చుడతారు. వినపడకపోతే ఎంత తళతళలాడే నిచ్చెనైనా గోడకు చేరబడి ఉండాల్సిందే. ఇప్పటి యజమాని తండ్రి పెట్టిన పద్ధతి ఇది. ఆయన తను చేసిన మొదటి నిచ్చెన మీంచి తనే పడ్డాడట.

అక్క పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎక్కుతుంది, దిగుతుంది, ‘సరే’ అంటుంది. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోక, బావ ఏమన్నా ‘సరే’ అంటుంది. వాళ్ళది ఆదర్శ దాంపత్యమని మా బంధువుల్లో పేరు.

ఈమధ్య ఆ ఫ్యాక్టరీలో కొత్త రకం ఒకటి మొదలుపెట్టారు. తేలిక నిచ్చెన. ఒంటి చేత్తో ఎత్తొచ్చు. అక్క మొదటిది ఎక్కి, నోరు మెదపకుండా దిగింది. రెండోది ఎక్కి, అలాగే దిగింది. మేనేజరు వచ్చి ఏమైందని అడిగాడు. మూడో మెట్టు మీద కాలు పెట్టగానే, తను దిగకముందే అది దిగిపోవాలని చూస్తున్నట్టుందని చెప్పింది.

టేపు పెట్టి కొలిచారు. కొలతలు సరిపోయాయి. మెట్లను బిగించిన రివిట్లు చూశారు. గట్టిగానే ఉన్నాయి. మెట్టును చేత్తో ఊపి చూశారు. ఊగలేదు. మేనేజరు పెద్దమనిషి. కసురుకోలేదు, ఒక్క మాట జారలేదు. నవ్వి, “సిల్లీగా మాట్లాడకమ్మా” అన్నాడంతే.

ఆ సాయంత్రం అక్క ఇదంతా బావకు చెబితే, ఆయనా అదే మాట అన్నాడు. ఒకరికొకరు పరిచయం లేని ఇద్దరు మనుషులు ఒకే మాట అన్నారంటే అందులో ఎంత నిజం ఉండి ఉండాలి! అక్కకూ అలాగే అనిపించింది. మర్నాడు మా ఇంటికొచ్చి, కాళ్ళ వైపు చూసుకుంటూ కూర్చుంది.

“నా కాలే అబద్ధం చెబుతోందేమోరా,” అంది. “మరి ఇన్నాళ్ళూ నేను సరే అన్న నిచ్చెనల సంగతేంటి? వాటిని జనం ఎక్కుతున్నారు కదా.”

నేను ఆమెను సిల్లీ అనలేదు. నేను చదువుకున్నవాణ్ణి. మనిషికి జీవితంలో ఎక్కడో ఆధారం జారిపోతుందని, ఆ దిగులు నేరుగా పైకి రాలేక ఒక వస్తువు మీదకు మళ్ళుతుందని, ఆమె విషయంలో అది మూడో మెట్టు మీదకు మళ్ళిందని ఓపిగ్గా విడమరిచాను. పసితనంలో మా నాన్న భుజాల మీంచి ఆమెను దించేసిన సందర్భాన్ని కూడా కలుపుకున్నాను. అక్క అంతా విని, “అంటే సిల్లీ అంటావు” అంది. బావ ఒక్క మాటలో తేల్చింది తేల్చడానికి నాకు గంట పట్టింది. దీన్నిబట్టయినా ఆ మాట గొప్పతనం తెలియడం లేదూ?

ఈలోగా ఫ్యాక్టరీ ముందు లారీ వచ్చి నిలబడింది. ఇవాళ సరే అనకపోతే ఎక్కడానికి ఇంకొకరిని చూసుకుంటానని మేనేజరు మెత్తగా చెప్పాడు. అక్క తేలిక నిచ్చెన ఎక్కింది. పని ఆపి అందరూ పైకి చూశారు. ఆ మాట నోటిదాకా వచ్చిందట. ఒక్క మాట. అనేస్తే ఉద్యోగం ఉంటుంది, లారీ వెళ్తుంది, తనూ తెలివైనవాళ్ళలో కలిసిపోతుంది. అప్పుడు కింద డ్రైవరు తన లారీకి ఆనుకుని ఆవులించడం కనపడిందట. వీటిని ఎక్కేవాళ్ళెవరూ ఇక్కడ లేరు కదా అనిపించిందట. దిగి వచ్చి మేనేజరు ముందు నిలబడింది.

“మీరొక్కసారి ఎక్కి చూడండి సార్. మీరు సరే అంటే నాకూ సరే.”

మేనేజరు నిచ్చెన దగ్గరికి వచ్చాడు. మొదటి మెట్టు మీద ఒక బూటు పెట్టాడు. పెట్టి, కాసేపు ఆలోచించాడు. మేనేజరు స్థాయి మనిషి పనివాళ్ళ ముందు నిచ్చెన ఎక్కితే డిసిప్లిన్ ఏమవుతుందని ఆయనకు తట్టింది. బూటు తీసేశాడు. అది ఎంత సిల్లీ కోరికో ఆమెకే తర్వాత తెలుస్తుందన్నాడు.

ఆ వారంలోనే ఫ్యాక్టరీలో సంస్కరణ జరిగింది. ఇప్పుడు మనిషి బదులు పై మెట్టు మీద ఇసుక బస్తా పెడుతున్నారు. ఎంత ఆధునికం! బస్తాకు జీతం అక్కర్లేదు. అనుమానాలు రావు. అది ఏమీ అనదు కాబట్టి ‘సరే’ అన్నట్టే లెక్క. దాన్ని ఇద్దరు మనుషులు బల్ల మీద నిలబడి నేరుగా పైకి ఎత్తి పెడతారు. మూడో మెట్టుతో దానికి పనేముంది? లారీ సకాలంలో వెళ్ళింది. అక్కను అట్టలు చుట్టే చోటికి మార్చారు.

ఈ మాటకు వెయ్యేళ్ళలో ఎన్ని అర్థాలు మారాయో నిఘంటువులు చక్కగా రాశాయి. ధన్యుడి దగ్గరినుంచి బుద్ధిహీనుడి దాకా ఒక్క మజిలీ వదలలేదు. కాని దాన్ని అనేవాడు ఎక్కడ నిలబడి అంటాడో మాత్రం ఏ నిఘంటువూ రాయలేదు. నేల మీద నిలబడి అంటాడు. రెండు కాళ్ళూ గట్టిగా ఆనించి, తల పైకెత్తి, నవ్వుతూ అంటాడు. ఎంత చక్కని చోటు అది! అక్కడినుంచి చూస్తే ప్రతి మెట్టూ గట్టిగానే కనపడుతుంది.

నేనూ ఎప్పుడూ అక్కడే నిలబడతాను. పోయిన ఆదివారం కూడా అక్కడే ఉన్నాను.

ఆదివారాలు నా భోజనం అక్కావాళ్ళింట్లో. నేను వెళ్ళేసరికి సాయంత్రమైంది, హాల్లో బల్బు మాడిపోయి ఉంది. సిబ్బందికి తగ్గింపు ధర అని బావ ఫ్యాక్టరీ నుంచి ఒక తేలిక నిచ్చెన కొనుక్కొచ్చాడు. దాన్ని ముచ్చటగా ఒంటి చేత్తో ఎత్తి, విప్పి, హోల్డరు కింద నిలబెట్టాడు. కొత్త బల్బును అట్టపెట్టెలోంచి తీసి అక్క వైపు చాచాడు. ఆ ఇంట్లో నిచ్చెన పనులన్నీ ఆమెవే.

అక్క చెయ్యి చాచలేదు. కొంగుకు చేతులు తుడుచుకుంటూ అలాగే నిలబడింది.

“మీరెక్కండి,” అంది. “నేను కిందుండి సిల్లీ అంటూ ఉంటాను. ఆ పనీ ఎవరో ఒకరు చెయ్యాలిగా.”

బావ నవ్వాడు. నవ్వుతూనే నిచ్చెన వైపు చూశాడు. చూశాక నవ్వు కొంచెం నెమ్మదించింది. మొదటి మెట్టును అరచేత్తో తట్టాడు, రెండోదాన్ని తట్టాడు, మూడోదాని దాకా వెళ్ళిన చేతిని వెనక్కి తీసుకుని మెడ గోక్కున్నాడు. “ఏమోయ్, నువ్వు సన్నగా ఉంటావుగా,” అన్నాడు నాతో.

చూసేవాడు చూడ్డం వరకే పరిమితం కావాలని, కలగజేసుకుంటే మనస్తత్వ పరిశీలన చెడిపోతుందని నేను వివరించాను. ఈ మధ్య మోకాలు కూడా పట్టేస్తోందన్నాను. అక్క నా మోకాలి వైపు ఒకసారి చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మూడో మెట్టు సంగతి నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే మార్గం చాలా సులువు. నిచ్చెన అక్కడే ఉంది, బల్బు బావ చేతిలో ఉంది. బావ దాన్ని పదిలంగా మళ్ళీ అట్టపెట్టెలో పెట్టేశాడు. వంటింట్లోంచి వచ్చే వెలుతురు చాలు కదా అన్నాడు. భేషుగ్గా చాలన్నాను నేను. ఇద్దరు తెలివైన మగవాళ్ళం చీకట్లో కంచాల కోసం తడుముకుంటూ కూర్చున్నాం.