పోరును వంద గజాల దూరంలో ఉంచవలెను

ప్రపంచయుద్ధాన్ని ఆపడం రాజుల వల్ల కాలేదు, రాయబారుల వల్ల కాలేదు. అది ముగిసిన పదేళ్లకు తమిళదేశపు కోవిల్‌పట్టిలో ఒక గుమాస్తా వల్ల అయింది.

డేరా సినిమా యజమాని తిరుపతిసామి ‘పోరుకు పోయిన పిల్లలు’ అనే మూగ సినిమా బొమ్మను ఊరికి తెచ్చాడు. పల్లె కుర్రాళ్లు యుద్ధానికి పోతే అక్కడ వాళ్లేమవుతారో, ఇక్కడ వాళ్ల ఇళ్లేమవుతాయో చూపే కథ. ఆ మాట చెవిన పడగానే తాయమ్మాళ్ కడంబూరు పక్క నల్లరేగడి పల్లె నుంచి బండి కట్టించుకుని వచ్చేసింది. ఆమె కొడుకు లక్ష్మణసామి కంచరగాడిదలు తోలే పనికని ఆ యుద్ధంలోనే బస్రాకు పోయాడు. గాడిదలు ఏమయ్యాయో సర్కారు తేల్చింది. కొడుకు సంగతి తేల్చలేదు.

“యుద్ధమంటే ఎట్లుంటదో ఒక్క తూరి చూపీయి తిరుపతీ. వాడు పోయిన చోటు నా కంట్లో పడితే చాలు.”

“ముందు వరసలో కూకో అత్తా. తెరలోకే దూరి చూసేద్దువు!”

బొమ్మ ఆడించే లైసెన్సుకు తిరుపతిసామి పెట్టిన అర్జీ, సర్కారు ఆఫీసులో గుమాస్తా రంగనాథన్ బల్ల మీదికి వెళ్లింది. రంగనాథన్‌ది ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, సంతకంలో ఇంగ్లీషు. అర్జీ తమిళంలో ఉంది: ‘డేరా లోపల పోర్ చూపబడును.’ తమిళంలో పోర్ అంటే యుద్ధం. గడ్డివామి కూడా పోరే. డేరాకు వంద గజాల లోపల పోర్ ఉండరాదని అగ్నిప్రమాద నిబంధన. రంగనాథన్ తిరుపతిసామిని పిలిపించాడు.

“డేరాలో పోరా? నిప్పంటుకుంటే ఎవురయ్యా జవాబు?”

“గడ్డిపోరు కాదు సామీ, గుండ్ల పోరు! పోరంటే మన తెలుగులో...”

“మన తెలుగులో పోరంటే ఏందో ఇంట్లో దినమూ వింటానే ఉండా.” (ఇంటిపోరుకు ఇంతవరకు లైసెన్సు అక్కర్లేదు. దానికి వంద గజాల రూలు పెడితే మగాళ్లంతా సర్కారుకు హారతి పట్టేవాళ్లే.) “ఏ పోరని రూల్లో లేదు. పోర్ అని ఉండాది. తీసి దూరంగా పెట్టు.”

తిరుపతిసామి విరుదునగర్ పరుగెత్తి, అగ్ని నిబంధనల అర్థనిర్ణయాధికారికి మొర పెట్టుకున్నాడు. ఆయన ఇరుపక్షాలా ఆలోచించాడు. గడ్డిపోరుకు నిప్పు రవ్వ చాలు, గుండ్ల పోరుకు నోటి దురద చాలు. రెంటికీ ఊళ్లే తగలబడతాయి. కాబట్టి రూలు రెంటికీ వర్తిస్తుందని తీర్పిచ్చాడు.

దరిమిలా బొమ్మలోని యుద్ధాన్ని కత్తెరతో కోసి, రేకు పెట్టెల్లో పెట్టి, వంద గజాలు కొలిచి, జొన్న చేలో దించారు. ఇరువైపులా ఇసుక బకెట్లు. ‘యుద్ధం దగ్గర బీడీ కాల్చరాదు’ అని ఒక బోర్డు. దాని కింద పోలీసు సుడలైమాడన్, ప్రపంచశాంతికి ఒంటరి కాపలా.

పొద్దు గుంకాక బొమ్మ మొదలైంది. తెర మీద కుర్రాళ్లు రైలెక్కారు. తల్లులు చెయ్యూపారు. ఆ ఊపిన చెయ్యి దించకముందే అదే కుర్రాళ్లు అదే రైలు దిగారు! ఒక్కడికీ గీత పడలేదు. అన్నాలు వడ్డించారు, పెళ్లిళ్లు చేశారు. జనం ఈలలు వేశారు. ఇంత మంచి యుద్ధం ఎవరూ చూసి ఎరగరు.

తాయమ్మాళ్ మాత్రం ఈల వినలేదు. అన్నం తింటున్న ఆ పిల్లల్నే చూస్తూ కూర్చుంది. దీపాలు వెలిగాక లేచి, తనిఖీ కుర్చీలో ఉన్న రంగనాథన్ దగ్గరికి వెళ్లింది.

“అందురూ తిరిగొచ్చిరే సామీ?”

“రాక ఏం చేస్తారమ్మా? నడుమ ఉండిన పోరును మేము తీసేస్తిమి కదా.”

“తీసేసే అధికారం ఉండాదా మీకు?”

“లేకుండానా? రూలే ఉండాది.”



“మావాడు పోయినప్పుడు ఈ ఆఫీసు లేదా సామీ?”

సర్కారు ఉద్యోగి అబద్ధం ఆడరాదు. రంగనాథన్ ఆడలేదు.

“ఉండింది అమ్మా. అప్పుడు పంపించే సెక్షన్ మట్టుకే ఉండింది.”