తగ్గిపోతుందని చెప్పడానికి అనుమతి

ఎవరు ఏ పని చేసినా మర్నాటి నుంచి జిల్లాలో అందరూ అదే చెయ్యాలన్న చట్టం వచ్చి మూడేళ్లయింది. నువ్వు చేసే పని లోకమంతా చేస్తే ఎలా ఉంటుందో చూసుకో అని రెండు వందల యేళ్ల కిందట ఒక పరదేశపు తత్వవేత్త అన్నాడట. ఆయన ఆలోచించమన్నాడు, మనవాళ్లు దరఖాస్తు పెట్టమన్నారు.

మొదట్లో కాస్త ఇబ్బందైంది. ఒకాయన చిరాకులో పక్కింటి గేటు తన్నాడు. మర్నాడు జిల్లా అంతా పక్కింటి గేట్లు తన్నాల్సి వచ్చింది. ఎముకల డాక్టర్లకు వారం రోజులు తీరిక లేదు. అప్పటినుంచి ముందుగా అనుమతి తీసుకోవాలని సవరణ తెచ్చారు.

అనుమతులిచ్చే రేకుల షెడ్డుకు మూడు కిటికీలు. మొదటిది నీతి. రెండోది అందం. దేన్నైనా బాగుందనాలంటే, దానివల్ల తనకు ఏ లాభమూ లేదని అక్కడ రాసివ్వాలి. ఆపైన అందరూ ఒప్పుకోవాలి. కిందటి నెల ఒక డ్రైవరు తురాయి చెట్టు బాగుందని రాసిస్తే, బస్సులన్నీ దాని ముందు ఆగి చూసి వెళ్లాయి. మూడోది రాజకీయం. అక్కడ అభ్యంతరాల పుస్తకం, దారంతో కట్టిన పెన్ను ఉంటాయి. ఎంతైనా రాయొచ్చు. రాశాక మాత్రం పైవాళ్లు చెప్పినట్టే చెయ్యాలి.

హైమావతి నాలుగు రోజులుగా మొదటి కిటికీ దగ్గర నిలబడుతోంది. భర్త పుల్లేశ్వరరావు ఆసుపత్రిలో ఉన్నాడు. కాలేయం పూర్తిగా పోయింది, నెల దాటడని డాక్టరు ఆమెకు చెప్పి, ఆయనతో మాత్రం తగ్గిపోతుందని చెప్పమన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా.

గుమాస్తా గురునాథం మంచివాడు. అందుకే ఆలస్యం.

“ఇది అబద్ధం కదమ్మా,” అన్నాడు.

“అవునండీ.”

“అందరూ అందరికీ చెప్తే ఎవరు నమ్ముతారు?”

“అందరి సంగతి నాకెందుకండీ? ఆయనొక్కరు నమ్మితే చాలు.”

“ఈ ఫారంలో ఒక్కరి కోసం గడి లేదమ్మా.”

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. గురునాథం చూడలేక ముద్ర వేశాడు. ‘బాధలో నున్నవారికి తగ్గిపోవునని చెప్పవలెను’ అని ఉత్తర్వు వెలువడింది.

మర్నాడు నకలు కాగితం తీసుకుని ఆమె వార్డుకు చేరేసరికి పదిన్నర. పుల్లేశ్వరరావు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె చెయ్యి తగలగానే ఇటు తిరిగాడు.

“పొద్దున్నించి పదకొండు మంది చెప్పారు, తగ్గిపోతుందని. తుడిచే ఆమె కూడా చెప్పింది. నువ్వొస్తే అడుగుదామని ఉన్నాను. నువ్వు నాతో ఏనాడూ అబద్ధమాడలేదు. నిజంగా నాకెలా ఉంది, హైమా?”

 ఇప్పుడు నిజం చెబితే నేరం. చెప్పినవాళ్ల పేర్లు రాసుకునే నర్సు మంచం పక్కనే ఉంది.

“తగ్గిపోతుందండీ,” అంది.

ఆయన చాలాసేపు ఆమెను చూశాడు. చెప్పాల్సినవి ఏవో ఉన్నట్టే ఉన్నాయి. కానీ తగ్గిపోయేవాడు అప్పగింతలు పెట్టకూడదు. సరేనని మళ్లీ గోడవైపు తిరిగాడు.

పదిహేడో రోజున పోయాడు. పలకరించడానికి వచ్చినవాళ్లు వరసగా హైమావతి ఎదుట కూర్చుని, తగ్గిపోతుందమ్మా అన్నారు. చట్టం కోసం అంటున్నారని ఆమెకు తెలుసు. అయినా ఒక్కొక్కరికీ తలూపింది. సాయంత్రానికి ఎవరో కలిపి పెట్టిన నాలుగు ముద్దలు తిన్నది.